ఎర్ర కాడ గాజుపెట్టెలోనే ఉండాలి

యానాంలో నీళ్ల గురించి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. గౌతమి ఒడ్డున పుట్టి, పోటూ పాటూ చూస్తూ పెరిగి, చుట్టూ రొయ్యల చెరువుల మధ్య బతికేవాళ్లకి పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా అన్నవి ఇంట్లో వాడుకునే మాటలే. నేను పనిచేసేది రైతులు తెచ్చిన చెరువు నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో. బల్ల మీద ఒక పక్క ప్లాస్టిక్ సీసాలు వరసగా ఉంటాయి. ఇంకో పక్క, ఎండ తగలని గోడ వారగా, రెండడుగుల గాజు ట్యాంకు ఉంటుంది. లోపలికి అడుగుపెట్టిన మనిషి చూపు చేపల మీద కాకుండా వాటి వెనక గుంపుగా నిలబడ్డ ఎర్ర కాడల మీద పడుతుంది. తర్వాత వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే.

“ఇది ప్లాస్టిక్‌దా అండీ?”

తప్పు వాళ్లది కాదు. మన ఊళ్లలో ఆసుపత్రి వరండాలో, హోటల్ కౌంటర్ పక్కన, బట్టల షాపులో కనపడే అక్వేరియాల్లో ఎరుపు అంటే ప్లాస్టిక్కే. నీలం గులకరాళ్లు, గులాబీ రంగు ప్లాస్టిక్ ఆకులు, బుడగలు వదిలే బొమ్మ. బతికున్న ఎర్ర మొక్క కావాలంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ ఉండాలి, వేలు పోసి లైటు కొనాలి, సీసాల కొద్దీ టానిక్కులు పోయాలి అని ఒక నమ్మకం స్థిరపడిపోయింది. అది నిజం కాదు. కొన్ని ఎర్ర మొక్కలు మామూలు ఇంట్లో, మామూలు లైటు కింద, కుళాయి నీళ్లలో చక్కగా పెరుగుతాయి. అవి ఎంత సులువుగా పెరుగుతాయో చెప్పాలన్నది నా ఉద్దేశం. ఆ సులువులోనే ఉన్న ప్రమాదం గురించి ఇంకా గట్టిగా చెప్పాలి.

మొదటిసారి పెంచేవాళ్లకి నేను రెండే పేర్లు చెబుతాను. ఒకటి రొటాలా రొటుండిఫోలియా. రెండోది లుడ్విజియా. లుడ్విజియాలో ఉత్తర అమెరికా నుంచి వచ్చిన రెపెన్స్ ఉంది, ‘సూపర్ రెడ్’ అని అమ్మే రకం ఉంది. రొటాలాకి నీళ్లలో సన్నటి ఆకులు వస్తాయి, వెలుగు బాగా తగిలిన కొసలు గులాబీ రంగుకో నారింజ ఎరుపుకో తిరుగుతాయి. లుడ్విజియా ఆకు వెడల్పు. రెపెన్స్ పైన ఆకుపచ్చగా ఉన్నా, ఆకు తిప్పి చూస్తే అడుగున ఎరుపు. సూపర్ రెడ్ అయితే కాడా ఆకూ అంతా ఎరుపే. మూడో పేరు ఒకటి దుకాణదారులు ముందుకు తోస్తారు, రొటాలా మాక్రాండ్రా. అది మన దక్షిణ భారతదేశపు మొక్కే, అందానికి సాటి లేదు. కానీ మెత్తటి నీళ్లు, గట్టి వెలుగు, గ్యాస్ అన్నీ అడుగుతుంది. మొదటి ట్యాంకులో దాని జోలికి వెళ్లొద్దు.

ఈ లాటిన్ పేర్లు చూసి ఇవేవో మనకి సంబంధం లేని మొక్కలనుకోవద్దు. రొటాలాది గోరింటాకు కుటుంబం. దానిమ్మ కూడా ఆ కుటుంబంలోదే. మన వరి చేలల్లో కలుపుగా పీకి గట్టున పడేసే అగ్నివేంద్రపాకు దీనికి దగ్గరి చుట్టం. ముదిరిన అగ్నివేంద్రపాకు కాడ ఎంత ఎర్రగా ఉంటుందో కలుపు తీసిన ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. రొటాలా జాతిలోనే చిన్నచిన్న రకాలు వరి మళ్లలో కలుపుగా మొలుస్తాయి. లుడ్విజియా సంగతీ అంతే. కాలువల్లో, చెరువుల అంచున తెల్లటి మెత్తని ఊత వేళ్లతో నీటి మీద పాకుతూ, ఎర్ర కాడలతో, మధ్యలో పసుపు ఉన్న తెల్ల పూలు పూసే మొక్క ఒకటి కనపడుతుంది. అది ఈ జాతిదే. మనం రోజూ పప్పులో వేసుకునే పొన్నగంటి కూరకి కూడా అక్వేరియంలో పేరుమోసిన ఎర్ర బంధువు ఉంది, ఆల్టర్నాంథెరా రైనెకీ. ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. ఇది కాస్త నిదానంగా పెరుగుతుంది, వెలుగు ఎక్కువ అడుగుతుంది. పట్టుదల ఉంటే రెండో ఏడు పెట్టుకోవచ్చు.

ఎరుపు ఎక్కడినుంచి వస్తుందన్నది తెలిస్తే సగం ఖర్చు మిగులుతుంది. రొటాలా, లుడ్విజియాల్లో ఉండేది ఆంథోసయనిన్. నేరేడు పండుకీ వంకాయ తోలుకీ రంగునిచ్చేది అదే. ఆల్టర్నాంథెరాలో ఉండేది వేరు, బీట్‌రూట్‌లో, ఎర్ర తోటకూరలో ఉండే బీటాసయనిన్. ఆకు మీద వెలుగు దాని అవసరానికి మించి పడినప్పుడు, మొక్క తనను తాను కాపాడుకోవడానికి ఈ రంగును పోగేసుకుంటుంది. అందుకే కొస ఎర్రగా ఉంటుంది, నీడలో ఉన్న కింది ఆకులు ఆకుపచ్చగా ఉంటాయి. నీటిలో నత్రజని తగ్గినా రొటాలా ఇంకా ఎరుపెక్కుతుంది. “ఐరన్ పోస్తే ఎర్రబడుద్ది” అని దుకాణంలో సీసా చేతిలో పెడతారు. ఇనుము లోపిస్తే కొత్త చిగురు పాలిపోతుంది కాబట్టి ఇనుము కావాలి, నిజమే. కానీ వెలుగు లేని ట్యాంకులో ఎంత ఇనుము పోసినా ఎరుపు రాదు, నాచు వస్తుంది.

నాటే పద్ధతి చెబుతాను, ఎందుకంటే నేను చూసిన మొక్కల్లో ఎక్కువ చచ్చిపోయింది ఇక్కడే. దుకాణంలో మొక్క కట్టగా వస్తుంది. కింద సీసపు పట్టీయో, స్పాంజీ ముక్కో చుట్టి ఉంటుంది. చాలామంది ఆ కట్టను కట్టగానే ఇసుకలో గుచ్చేస్తారు. పట్టీ బిగిసిన చోట కాడ నలుగుతుంది, లోపలి కాడలకి వెలుగు తగలదు, వారంలో కింది భాగం నల్లబడి కుళ్లిపోతుంది, పై భాగం తేలిపోతుంది. పట్టీ తీసేయండి. కాడలు విడదీయండి. నలిగిన అడుగు భాగం పదునైన కత్తెరతో కోసేసి, కింది రెండు గణుపుల ఆకులు దూయండి. ఆ రెండు గణుపులూ ఇసుకలోకి పోవాలి. తర్వాత మనకు తెలిసిన పనే, వరి నాట్లు వేసినట్టు, కుదురు కుదురుకీ మధ్య వేలెడు జాగా వదిలి కాడ పక్కన కాడ నాటడమే. పొడవాటి పట్టకారు ఉంటే మంచిది, వేళ్లతో నాటితే చెయ్యి తీసేటప్పుడు కాడ కూడా పైకి వచ్చేస్తుంది.

నాటిన తర్వాత మొదటి రెండు మూడు వారాలు గుండె దిటవు చేసుకోవాలి. నర్సరీల్లో ఈ మొక్కల్ని చాలామటుకు నీటి బయట, తడి గాలిలో పెంచుతారు. అక్కడ వచ్చిన ఆకు గుండ్రంగా, మందంగా, ఆకుపచ్చగా ఉంటుంది. నీటిలో ముంచగానే ఆ ఆకు పనికిరాదు. పసుపుబారి, పారదర్శకంగా మారి, రాలిపోతుంది. మా పక్కింటి కుర్రాడు రోజూ సాయంత్రం వచ్చి గాజుకి ముక్కు ఆనించి, “ఎర్రగా ఎప్పుడవుద్ది ఆంటీ, చచ్చిపోయినట్టుందే” అనేవాడు. ఆకు వైపు కాదు, కొస వైపు చూడమన్నాను. కొసన ముడుచుకుని ఉన్న రెండు ఆకులు అంతకుముందు వాటికంటే సన్నగా, లేత గులాబీ రంగులో విప్పుకుంటే మొక్క నీటికి అలవాటు పడినట్టే. ఇసుకకి పైనున్న గణుపు దగ్గర సన్నటి తెల్ల వేరు కిందికి దిగుతుంది. ఆ రెండూ కనపడ్డాక ఇక దాన్ని కదపక్కర్లేదు. కాడ నీటి పైకి తగిలే ఎత్తుకు వచ్చాక, పై సగం కోసి ఆ కోసినదాన్నే మళ్లీ నాటాలి. కోసిన మోడు దగ్గర రెండు పిలకలు వస్తాయి. రెండు కోతలు పూర్తయ్యేసరికి నాలుగు కాడలతో మొదలైన మొక్క వెనక గోడంతా కప్పేస్తుంది.

మా ప్రాంతంలో పెంచేవాళ్లు పుస్తకాల్లో లేని రెండు సంగతులు పట్టించుకోవాలి. మొదటిది ఉప్పు. యానాంలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పదనం ఉంటుంది, పోటు కాలంలో, ఎండాకాలంలో ఇంకా పెరుగుతుంది. లుడ్విజియా కాస్త గట్టి నీళ్లను తట్టుకుంటుంది, ఉప్పును తట్టుకోదు. కుళాయి నీళ్లు వాడండి. క్లోరిన్ ఉంటుంది కాబట్టి బకెట్‌లో పట్టి ఒక రాత్రి వదిలేయండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. అడుగున వేసే ఇసుక గోదావరి ఇసుకే, బాగా కడిగితే చాలు. సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుక వద్దు, అందులో ఉప్పూ ఉంటుంది, గవ్వల సున్నమూ ఉంటుంది. రెండోది ఎండ. మే నెలలో ఇంట్లోనే ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటిపోతాయి. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది, మొక్క తిండి ఖర్చు పెరుగుతుంది. మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. తగ్గిన నీళ్లు పోస్తూ ఉండాలి, అంతే.

మిగతాదంతా రొయ్యల రైతుకి తెలిసిన శాస్త్రమే. చెరువులో తెల్లవారుజామున పీహెచ్ తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. పగలు వెలుగులో నీటిలోని పచ్చదనం కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుంటుంది కాబట్టి పీహెచ్ పైకి పోతుంది, రాత్రి అదే పచ్చదనం ప్రాణవాయువు పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారకముందే ఏరియేటర్లు తిప్పుతారు. గాజు ట్యాంకులో జరిగేదీ అదే. మొక్కలు గుబురుగా పెరిగిన ట్యాంకులో రాత్రి పూట గాలి గొట్టం వదలండి. లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు, టైమర్ పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇంకో మాట. చెరువుల్లో వాడే మందులు ఇందులో పోయొద్దు. నాచుకని కాపర్ సల్ఫేట్ వేస్తే నాచుతో పాటు మొక్కా పోతుంది, ట్యాంకులో రొయ్యలుంటే అవీ పోతాయి. గోల్డ్‌ఫిష్‌ను ఈ మొక్కలతో కలపొద్దు, చిగురు కొరికేస్తుంది. గప్పీలు, చిన్న టెట్రాలు బాగుంటాయి.

సిలిండర్లు లేకుండా, మట్టి మీద ఇసుక పరిచి, చేపల వ్యర్థాన్నే ఎరువుగా వాడుకుని మొక్కలు పెంచొచ్చని అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లోనే పుస్తకం రాసి చూపించింది. జపాన్‌కు చెందిన తకాషి అమానో చేసిన ట్యాంకుల ఫొటోలు చూసి మనవాళ్లు భయపడతారు. ఆయన చేసింది కళ, దానికి ఆ పరికరాలన్నీ కావాలి. బడిలో, ఇంట్లో పెట్టుకునే ట్యాంకుకి వాల్‌స్టాడ్ దారే సరిపోతుంది. బడి పిల్లలు హైడ్రిల్లాను గరాటు కింద పెట్టి, పరీక్షనాళికలో బుడగలు పోగేసే ప్రయోగం చదువుకుంటారు. చాలా బడుల్లో అది పుస్తకంలో బొమ్మగానే మిగిలిపోతుంది. ల్యాబ్ మూలన ఒక ట్యాంకు, అందులో గుప్పెడు రొటాలా ఉంటే, లైటు వేసిన కాసేపటికి ఆకు అంచున బుడగ పుట్టడం, పెరగడం, తెగి పైకి పోవడం పిల్లలు కళ్లతో చూస్తారు. ప్లాస్టిక్ ఆకు ఆ పని చేయదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మొక్క సులువుగా పెరుగుతుందన్నాను. గణుపు ఉన్న చిన్న ముక్క చాలు, వేరు దిగుతుంది. గట్టి నీళ్లయినా మెత్తటి నీళ్లయినా, వెలుగు ఎక్కువైనా తక్కువైనా, నీటి లోపలైనా బురద మీదైనా బతుకుతుంది. మొదటిసారి పెంచేవాడికి ఇవన్నీ గొప్ప గుణాలు. కాలువకి ఇవే శాపాలు. ట్యాంకులో కోసిన కాడలు ఎక్కడికి పోతున్నాయో చూడండి. ఎక్కువ ఇళ్లలో నీళ్లు మార్చినప్పుడు బకెట్‌తో పాటు డ్రెయిన్‌లోకి పోతున్నాయి. డ్రెయిన్ కాలువలోకి, కాలువ ఏటిలోకి. ఇల్లు మారేవాళ్లు, విసుగు పుట్టినవాళ్లు ట్యాంకు మొత్తం చెరువులో గుమ్మరించడం నాకు తెలుసు. చేపల్ని చంపలేక వదిలిపెట్టామని చెబుతారు, అది పుణ్యం అనుకుంటారు.

అలా వదిలితే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు. 2020 చివర్లో కేరళలో కోళికోడ్ జిల్లా పేరాంబ్ర దగ్గర ఆవళ పాండి అనే చోట నీటి పాయ మొత్తం గులాబీ రంగు పూలతో నిండిపోయింది. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి, జనం కార్లు వేసుకుని చూడ్డానికి వెళ్లారు. ఆ పూలు కబోంబా ఫర్కేటావి. అమెరికా ఖండపు మొక్క, అక్వేరియం దుకాణాల్లో ఎర్ర కబోంబా అని అమ్మేది. ఇదీ కాడ మొక్కే, ముక్క తెగితే ముక్క బతుకుతుంది. అందంగా ఉందని మురిసిపోవద్దని, నీటిని పట్టేస్తుందని వృక్షశాస్త్రజ్ఞులు మొత్తుకున్నారు. నేను చెప్పిన రొటాలా రొటుండిఫోలియా కూడా తక్కువది కాదు. ఆసియా నుంచి అక్వేరియం వ్యాపారంతో అమెరికా వెళ్లి, ఫ్లోరిడా కాలువల్లో పాతుకుపోయి, అక్కడి అధికారులకి తలనొప్పి అయింది.

ఇంతదూరం ఎందుకు, గుర్రపుడెక్క లేదా? దక్షిణ అమెరికా నుంచి, పూలు ఊదా రంగులో బాగున్నాయని 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కి తెచ్చుకున్న మొక్క అది. నలభై యాభై ఏళ్లు గడిచేసరికి పడవలు కదలక, వరి చేలు మునిగి, 1936లో బెంగాల్ ప్రభుత్వం దాని కోసమే చట్టం చేయాల్సి వచ్చింది. ఇవాళ ధవళేశ్వరం నుంచి బయల్దేరిన నీళ్లు శివారు భూములకి చేరాలంటే ముందు గుర్రపుడెక్కను దాటాలి. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు దాన్నీ తూడునీ తీయించడానికి డబ్బు పోస్తూనే ఉన్నాం, తొలకరి నీళ్లతో అది మళ్లీ వస్తూనే ఉంది. నష్టం ఎవరికి? కాలువ మొదట్లో ఉన్నవాడికి కాదు, చిట్టచివరి రైతుకి. చేపల్లోనూ ఇదే కథ. ట్యాంకు గాజు శుభ్రం చేస్తుందని కొని, పెద్దదయ్యాక చెరువులో వదిలిన సక్కర్ చేపని ఇవాళ మన జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. వల్లో పడితే ముళ్లతో వల చింపుతుంది, తినడానికి ఎవరూ కొనరు. అది తూర్పు కనుమల నీటివనరుల్లోకి ఎంత దూరం పాకిందో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో కలిసిన డీఎన్ఏ పట్టుకుని లెక్కగట్టాల్సి వచ్చింది.

మా ఊరికి ఇంకో భయం కూడా ఉంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు యానాం వీధుల్లోకి నీళ్లు వచ్చాయి. వరద ఇంట్లోకి వచ్చిందంటే, పెరట్లో తొట్టెల్లో పెంచుతున్న మొక్కలన్నీ ఎవరి అనుమతీ లేకుండా గోదాట్లో కలుస్తాయి. ఇక్కడ తొట్టెలు మేడ మీదే పెట్టాలి. నేలమట్టపు ఇల్లయితే, గాజు ట్యాంకు తప్ప బయట తొట్టె పెట్టొద్దని నేను కరాఖండిగా చెబుతాను.

ఉప్పునీళ్లున్న కాలువల్లో ఇవి బతకవు కదా అని మా ల్యాబ్‌లోనే ఒకాయన వాదించాడు. సముద్రం వైపు బతకవు, ఒప్పుకుంటాను. కానీ మనం మొక్కలు కొని తెచ్చేది కాకినాడ నుంచి, చెన్నై కొళత్తూరు నుంచి. పంచుకునేది ద్రాక్షారామంలోనూ అమలాపురంలోనూ ఉన్న చుట్టాలతో. అక్కడ ఉన్నది తియ్యటి నీళ్లే. పుదుచ్చేరి పాలనలో మేమున్నా, కాలువకి ఆ హద్దు తెలియదు. పులస సీజన్‌లో ఒక్క చేపకి వేలల్లో వేలం పాట పాడే ఊరు మాది. గోదావరిలోకి మన చేతులతో మనం ఏం వదులుతున్నామో పట్టించుకోవడం మాకు ఇంకా ఎక్కువ అవసరం.

అలాగని మొక్కలు పెంచడం నిషేధించాలని నేననను. నిషేధిస్తే దొంగచాటుగా వస్తాయి, అప్పుడు చెప్పే అవకాశమే ఉండదు. దుకాణదారులు కవర్ మీద మొక్క పేరు, అది ఏ దేశపుదో, కోసిన ముక్కలు ఏం చేయాలో తెలుగులో ఒక చీటీ అంటించాలి. ఇది వాళ్లకి రూపాయి ఖర్చు కాని పని. పెంచి విసిగినవాళ్ల దగ్గర్నుంచి మొక్కలూ చేపలూ వెనక్కి తీసుకోవాలి. మత్స్యశాఖలు, ఇటు యానాంలోనూ అటు ఆంధ్రలోనూ, రొయ్యల రైతులకి పెట్టే అవగాహన సదస్సుల్లో ఒక పావుగంట దీనికి కేటాయించాలి. జీవశాస్త్రం టీచర్లు హైడ్రిల్లా పాఠం చెప్పేటప్పుడు గుర్రపుడెక్క కథ కూడా చెప్పాలి.

ఇంట్లో చేయాల్సింది చాలా చిన్న పని. కోసిన కాడలు ఇరుగుపొరుగుకి ఇవ్వండి, తీసుకునేవాళ్లకి ఈ మాట కూడా చెప్పి ఇవ్వండి. మిగిలినవి మేడ మీద ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి, పూలకుండీలో మట్టి కింద వేయండి. ట్యాంకు నుంచి తీసిన నీళ్లు కరివేపాకు మొదట్లో పోయండి, మంచి ఎరువు. డ్రెయిన్‌లో మాత్రం ఒక్క గణుపు కూడా వేయకండి.